స్పీకర్లు పోల్చి చూడటానికి ఏ పాటలు పెట్టాలి?

మంద్రస్థాయి · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ప్రస్తుతం మా ఇంట్లో రెండు జతల బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఉన్నాయి. దుకాణదారు బాగా తెలిసినవారు కావడంతో ఆదివారం దాకా ఉంచుకుని నచ్చనివి తిరిగి ఇచ్చేయమన్నారు. ఒక జతలో వూఫరు (బేస్ పలికే పెద్ద కోను) అయిదుంపావు అంగుళాలు, రెండో జతలో ఆరున్నర. యాంప్లిఫయర్ ఒకటే. గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. ఎడమ గోడ నిండా చెక్క అల్మరా, కుడివైపు పెద్ద కిటికీ.

నేను వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు, ఇళయరాజా. దుకాణానికి ఎప్పుడు వెళ్లినా ‘హోటల్ కాలిఫోర్నియా’ 1994 నాటి కచేరీ రికార్డింగే పెడతారు. గిటార్ల తరవాత ఆ డ్రమ్ము దెబ్బ పడగానే ఏ స్పీకరైనా గొప్పదే అనిపిస్తుంది. ఇంట్లో ఏం పెట్టి తేల్చుకోవాలి? ఓ పది పాటల జాబితా ఇస్తే చాలు.

డాలస్_నుంచి · సోమవారం, రాత్రి 10:05

ముందు బేస్ చూడండి, మిగతావి తరవాత. పైపు ఆర్గాన్ రికార్డింగు ఒకటి సంపాదించండి. పెద్ద ఆర్గాన్ గొట్టాలు 16 హెర్ట్జ్ (సెకనుకు 16 కంపనాలు) దాకా దిగుతాయి. మా ఇంట్లో సబ్‌వూఫర్ (బేస్ కోసమే విడిగా పెట్టే స్పీకరు) మీద అది పెడితే కిటికీ అద్దాలు కూడా కచేరీలో పాల్గొంటాయి.

చిక్కడపల్లి_శ్రోత · సోమవారం, రాత్రి 10:21

డాలస్ గారూ, అయిదుంపావు అంగుళాల వూఫరు చేత 16 హెర్ట్జ్ పలికించమంటారా? అది 50 కన్నా కిందికి దిగితేనే సంతోషించాలి.

మంద్రస్థాయి గారూ, మీకు ఆర్గాన్ అక్కరలేదు. ఇళయరాజా వింటారు కదా, 80ల నాటి పాటల్లో బేస్ గిటార్ ఒక్క చోట నిలవకుండా నడుస్తూనే ఉంటుంది. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అట్టడుగు స్వరం 41 హెర్ట్జ్. పాటను వదిలేసి ఆ బేస్ వరుస ఒక్కటే కూనిరాగం తీస్తూ వెంబడించండి. ప్రతి స్వరం పక్క స్వరంతో సమానంగా వినిపిస్తే మంచిది. ఒక్కటి మాత్రం ఎగిరిపడి, పక్కది మాయమైతే తేడా ఉన్నట్టే. ఎంత లోతుకు దిగింది అనేదాని కన్నా మెట్లన్నీ సమానంగా ఉన్నాయా అన్నదే నేను చూసేది.

డెసిబెల్ · మంగళవారం, ఉదయం 6:50

జాబితా సంగతి తరవాత. ముందు రెండు జతల శబ్దాన్ని సమానం చేయండి, లేకపోతే ఏ పాట పెట్టినా వృథా.

యాంప్లిఫయర్ నాబ్ ఒకే అంకె మీద ఉంచితే సమానం అయినట్టు కాదు. ఒక జత సెన్సిటివిటీ, అంటే అదే కరెంటు ఇస్తే ఎంత గట్టిగా మోగుతుందో ఆ లెక్క, 86 డెసిబెల్స్, రెండో జతది 89 అనుకోండి. నాబ్ కదపకపోయినా రెండోది 3 డెసిబెల్స్ ఎక్కువ మోగుతుంది. అంత తేడా తీసుకురావాలంటే మొదటి జతకు రెట్టింపు వాట్లు కావాలి. చిక్కు ఎక్కడంటే, తేడా ఒక డెసిబెల్ వరకే ఉన్నప్పుడు ‘ఇది గట్టిగా ఉంది’ అని చెవికి తోచదు. ‘ఇది స్పష్టంగా ఉంది, నిండుగా ఉంది’ అని తోస్తుంది. పైగా శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మరీ తగ్గినట్టు వినిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు.

కాబట్టి పింక్ నాయిస్, అంటే కింది నుంచి పైదాకా అన్ని స్థాయిలూ కలిసిన రొద ఉన్న ఫైలు ఒకటి దించుకోండి. మీరు కూర్చునే చోట చెవి ఎత్తున ఫోను నిలబెట్టి, సౌండ్ మీటర్ యాప్‌లో అంకె చూడండి. ఆ అంకె కచ్చితమైనదా కాదా అన్నది మనకు అనవసరం. ఒకే ఫోను, ఒకే చోటు, రెండు జతలకూ ఒకే అంకె. తేడా అర డెసిబెల్ లోపు ఉండాలి. ఏ జతకు నాబ్ ఎక్కడ ఉండాలో కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఆ పింక్ నాయిస్‌నే మొదటి ‘పాట’గా కూడా వాడండి. కెనడా జాతీయ పరిశోధన మండలిలోనూ ఆ తరవాత హర్మాన్ సంస్థలోనూ పనిచేసిన ఫ్లాయిడ్ టూల్, ఆయన సహచరుడు షాన్ ఆలివ్ ఏళ్ల తరబడి శ్రోతలకు స్పీకర్లు కనబడకుండా చేసి పరీక్షలు నడిపారు. స్పీకర్ల మధ్య తేడాలు పట్టుకోవడానికి అన్నింటికన్నా ఎక్కువ పనికొచ్చింది పింక్ నాయిసే. పాటల్లో ముందు వరుసలో నిలిచింది ట్రేసీ చాప్మన్ 1988 నాటి ‘ఫాస్ట్ కార్’. ఒక గొంతు, గిటార్, బేస్, డ్రమ్స్. కింది నుంచి పైదాకా అన్ని స్థాయిల్లోనూ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది.

పాతరికార్డు · మంగళవారం, ఉదయం 8:15

రేకుల కప్పు మీద వాన పడుతున్నట్టుండే రొద విని స్పీకర్లు కొనాలా! ఇక సంగీతం ఎందుకు, వానాకాలం దాకా ఆగితే సరిపోతుంది.

డెసిబెల్ గారి మీద నాకు గౌరవమే. కానీ ఆ అమెరికా గాయని గొంతు ఎదురుగా ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలియనిదాన్ని కొలబద్ద చేసుకుంటే ఏది సరో ఏది కాదో ఎలా చెప్పాలి?

డెసిబెల్ · మంగళవారం, ఉదయం 8:40

మీ ప్రశ్నకు టూల్ గారు పేరే పెట్టారు, గందరగోళపు వలయం అని. రికార్డింగు బాగుందో లేదో స్టూడియోలో స్పీకర్ల మీద విని తేలుస్తారు; స్పీకర్లు బాగున్నాయో లేదో మనం ఆ రికార్డింగుతో తేలుస్తాం. అసలు ఎలా ఉండేదో తెలిసింది ఆ రోజు స్టూడియోలో ఉన్నవారికే.

దీనికి నాకు తెలిసిన విరుగుడు ఒక్కటే. ఒక్క పాటను నమ్మకండి. వేర్వేరు గాయకులు, వేర్వేరు కాలాలు, వేర్వేరు స్టూడియోలు తీసుకోండి. ఒక పాటలో గొంతు ముక్కుతో పాడినట్టుంటే అది గాయకుడిది కావచ్చు, మైకుది కావచ్చు. పెట్టిన ప్రతి పాటలోనూ అదే ముక్కు వినిపిస్తే అది స్పీకరుది.

రొద కూడా అందుకే. అందులో రాగం లేదు, మాట లేదు, జ్ఞాపకం లేదు. ఒక జత మీద ‘ష్’ అని, రెండో జత మీద ‘హో’ అని వినిపిస్తే ఆ తేడా పూర్తిగా స్పీకర్లదీ గదిదీ.

తంబురా_తీగ · మంగళవారం, మధ్యాహ్నం 1:30

నేను వీణ నేర్చుకున్నదాన్ని కాబట్టి నా కొలబద్దలు వేరు. పాతరికార్డు గారి ప్రశ్న న్యాయమైనదే. మనకు ఎదురుగా విన్న వాద్యాలు ఉన్నాయి కదా, వాటితో చూద్దాం.

మొదట తంబురా. గాయకులు ఇంకా అందుకోకముందు శ్రుతి ఒక్కటే మోగే ఆ కొద్ది క్షణాలు చాలు. ఒకటో శ్రుతిలో మధ్య తీగలు 131 హెర్ట్జ్ దగ్గర, చివరి మంద్ర షడ్జం 65 దగ్గర ఉంటాయి. అయితే తంబురా అందం ఆ అడుగు స్వరాల్లో లేదు, వాటి మీద తేలే స్వయంభూ స్వరాల్లో ఉంది. చక్కగా శ్రుతి కుదిరిన తంబురాలో ఎవరూ మీటని అంతర గాంధారం దానంతట అదే పలుకుతుంది. మీ రెండు జతల్లో దేని మీద ఆ గాంధారం తేలికగా చెవికి అందుతోందో చూడండి. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఉన్న రికార్డింగు మాత్రం ఈ పనికి వద్దు.

తరవాత వీణ. చిట్టిబాబు గారి ‘కొమ్మలో కోయిల’ ఉంటే పెట్టండి. మీటు పడిన క్షణం గట్టిగా ఉంటుంది, ఆ వెంటనే ధ్వని తగ్గుతూ పోతుంది. తగ్గుతున్న ఆ ధ్వనిలోనే వేలు తీగను లాగుతుంది, స్వరం ఊగుతుంది. చిన్న శబ్దాలను మింగేసే స్పీకరు మీద గమకం సగంలోనే తెగిపోయినట్టుంటుంది. అనుమంద్ర తీగ శ్రుతిని బట్టి 60 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి చిన్న వూఫరుకు అదీ ఒక పరీక్షే. వీణ కుండ చెక్కది. రేకు డబ్బాలా మోగితే ఆ జతను ఇక వినక్కరలేదు.

చివరగా మృదంగం, తని ఆవర్తనం (కచేరీలో లయవాద్యాలు మాత్రమే మోగే భాగం). కుడి మూత శ్రుతిలో పలుకుతుంది. ఎడమ మూతకు, అంటే తొప్పికి, రవ్వ ముద్ద పెడతారు కాబట్టి అది లోతుగా గుమ్మంటుంది. ఈ రెండూ ఒకే వాద్యంలా వినిపించాలి. కుడి దెబ్బ ట్వీటరు (పై స్వరాలు పలికే చిన్న కోను) నుంచీ తొప్పి వూఫరు నుంచీ విడివిడిగా వస్తున్నట్టు అనిపిస్తే వాటి కలయిక సరిగా లేనట్టు. ఘటం, కంజీర కూడా ఉన్న తని దొరికితే మరీ మంచిది. మూడూ ఒకేసారి మోగుతున్నప్పుడు ఎవరు ఏది వాయిస్తున్నారో తడుముకోకుండా తెలియాలి.

చిక్కడపల్లి_శ్రోత · మంగళవారం, మధ్యాహ్నం 2:05

మాండొలిన్ శ్రీనివాస్ గారిని మరిచారు! ఆ వేగం ముందు స్పీకరు తడబడితే ఇట్టే తెలిసిపోతుంది.

తంబురా_తీగ · మంగళవారం, మధ్యాహ్నం 2:30

పాలకొల్లు వారిని మరువగలమా! కానీ ఆయనది ఎలక్ట్రిక్ మాండొలిన్. దాని నాదం మనకు చేరేదే యాంప్లిఫయర్ ద్వారా కాబట్టి సహజంగా ఎలా ఉంటుందన్న ప్రశ్నే లేదు. వేగం చూడటానికి సరే, నాదం నిజమా కాదా తేల్చడానికి పనికిరాదు. ఇదే చిక్కు ఈ కాలపు వీణ కచేరీల్లోనూ ఉంది, పికప్ (తీగల కంపనాన్ని యాంప్లిఫయర్‌కు పంపే చిన్న పరికరం) అతికించి వాయిస్తున్నారు. మైకు ముందు వాయించిన పాత రికార్డింగు చూసుకోండి.

పాతరికార్డు · మంగళవారం, సాయంత్రం 6:10

ఇప్పుడు దారిలోకి వచ్చారు. ఇక నా వంతు.

ఘంటసాల గారి సినిమా పాటలు మోనో రికార్డింగులు. ‘మోనోతో స్టీరియో స్పీకర్లు పరీక్షించడం ఏమిటి’ అని కుర్రాళ్లు నవ్వుతారు. రెండు స్పీకర్లకూ అదే శబ్దం వెళుతోంది కాబట్టి గొంతు రెండింటికీ సరిగ్గా నడుమ, గాలిలో ఒక్క చోట నిలవాలి. మనిషి నోరు ఎంత ఉంటుందో అంతే ఉండాలి. గోడంత వెడల్పున పరుచుకున్నా, ఒక పక్కకు ఒరిగినా, పై స్వరాలకు వెళ్లినప్పుడు ఎడమకూ కింది స్వరాలకు కుడికీ నడిచినా తప్పు ఎక్కడో ఉంది. జతలో రెండు స్పీకర్లు ఒకేలా లేకపోవచ్చు, పెట్టిన చోట్లు ఒకేలా లేకపోవచ్చు. ఈ పరీక్షకు స్టీరియో పాట ఒక్కటీ పనికిరాదు.

వైర్లు ఎర్రది ఎర్రదానికీ నల్లది నల్లదానికీ ఉన్నాయో లేదో కూడా దీనితోనే తెలుస్తుంది. ఒక స్పీకరుకు తిరగబడి ఉంటే గొంతు నడుమ నిలవదు, ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా తల చుట్టూ తిరుగుతుంది. బేస్ మాయమవుతుంది. ఆ స్థితిలో స్పీకరును తిట్టి తిరిగి ఇచ్చేసినవాళ్లు ఉన్నారు.

ఒక జాగ్రత్త. పాత మోనో పాటలకు స్టీరియో ముసుగు వేసి అమ్మినవి చాలా ఉన్నాయి. ఒక పక్క కాస్త ఆలస్యం, ఇంకో పక్క కాస్త ప్రతిధ్వని కలుపుతారు. హిందీలోనైతే ఝంకార్ బీట్స్ పేరిట కొత్త డ్రమ్ములు కూడా అద్దారు. అవి పరీక్షకు పనికిరావు, వినడానికీ పనికిరావు.

నిద్రలేని_పొరుగు · మంగళవారం, రాత్రి 11:52

ఇవన్నీ తలుపులు మూసుకుని చేయవచ్చు కదా.

మంద్రస్థాయి · బుధవారం, రాత్రి 9:15

అందరికీ ధన్యవాదాలు. నాబ్ అంకెలు రాసుకున్నాను, చిన్న జతకు కాస్త ఎక్కువ తిప్పాల్సి వచ్చింది. వైర్లు సరిగానే ఉన్నాయి.

పెద్ద జతలో వివరాలు ఎక్కువ వినిపిస్తున్నాయి. తాళాల గలగల, గాయకులు ఊపిరి తీసుకోవడం, అన్నీ ముందుకు వస్తున్నాయి. తంబురాలో గాంధారం మాత్రం రెండింటిలోనూ వినిపించింది, చిన్న జతలో కొంచెం తేలికగా. తని ఆవర్తనంలో పెద్ద జత తొప్పి గదంతా గుం అని మిగిలిపోతోంది. వివరాల కోసం పెద్దదే తీసుకోవాలా?

డెసిబెల్ · బుధవారం, రాత్రి 9:40

‘వివరాలు ఎక్కువ’ అన్న మాట దగ్గర ఆగండి. ట్వీటరు రెండు మూడు డెసిబెల్స్ ఎక్కువ మోగినా అచ్చం ఇలాగే ఉంటుంది. దుకాణంలో పది నిమిషాలు వింటే అది గొప్ప, ఇంట్లో గంట వింటే తలనొప్పి. స, శ, ష ఎక్కువగా ఉన్న గొంతు పెట్టి చూడండి.

తంబురా_తీగ · బుధవారం, రాత్రి 10:10

దానికి ఎక్కడా వెతకక్కరలేదు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి విష్ణు సహస్రనామం అందరి ఇళ్లలోనూ ఉంటుంది. మొదటి శ్లోకంలోనే ‘శుక్లాంబరధరం విష్ణుం శశివర్ణం’ అని శ, ష, శ వరుసగా వచ్చేస్తాయి. ఆవిడ ఉచ్చారణలో మూడు ఊష్మాలూ మూడు చోట్ల పుడతాయి. దంతాల దగ్గర పుట్టే స అన్నింటికన్నా సన్నన, నాలుక మడిచి పలికే ష లోతు. ట్వీటరు ఎగదన్నే స్పీకరు మీద మూడూ కలిసిపోయి ఒకటే ‘స్స్’ అని చెవిలో గుచ్చుకుంటాయి. తేడా తెలుస్తోందా అన్నదే పరీక్ష.

మాట్లాడే గొంతు కూడా పెట్టండి. బాగా రికార్డు చేసిన మగగొంతు, ప్రసంగమైనా సరే. పెట్టెలోంచి మాట్లాడుతున్నట్టుంటే వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే మనం రోజంతా వినేది అదే.

డెసిబెల్ · బుధవారం, రాత్రి 10:25

మంచి మాట. బీబీసీ ఇంజనీర్లు తమ మానిటర్ స్పీకర్లు రూపొందించేటప్పుడు మాట్లాడే గొంతును ముఖ్యమైన పరీక్షగా వాడేవారు. ఎల్ఎస్ 3/5ఏ లాంటి చిన్న పెట్టెకు ఇన్నేళ్ల తరవాత కూడా గొంతు విషయంలో అంత పేరు ఉండటానికి అదొక కారణం.

తొప్పి సంగతి: అది స్పీకరుది కాకపోవచ్చు. మీ గది పొడవు 12 అడుగులు అంటే 3.66 మీటర్లు. ఆ రెండు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర మొదటి ప్రతినాదం వస్తుంది, అంటే ఆ స్వరాన్ని గదే ఉబ్బించి మోగిస్తుంది. 10 అడుగుల వెడల్పుకు 56 దగ్గర. చిన్న జత అంత కిందికి గట్టిగా దిగడం లేదు కాబట్టి గదిని కదిలించడం లేదు, పెద్ద జత కదిలిస్తోంది. వెనక గోడకు ఎంత దూరంలో పెట్టారు?

మంద్రస్థాయి · బుధవారం, రాత్రి 10:31

జానెడు.

డెసిబెల్ · బుధవారం, రాత్రి 10:33

రెండడుగులు ముందుకు లాగండి. మీ కుర్చీ వెనక గోడకు ఆనుకుని ఉంటే దాన్నీ లాగండి. రెండు జతలనూ ఒకే చోట, ఒకదాని తరవాత ఒకటి పెట్టి వినాలి. పక్కపక్కన పెట్టి పోల్చితే చోట్లను పోల్చినట్టు అవుతుంది.

డాలస్_నుంచి · గురువారం, ఉదయం 5:20

పాట ఎక్కడి నుంచి పెడుతున్నారో చెప్పలేదు. యూట్యూబులో ఎవరో క్యాసెట్టు నుంచి ఎక్కించి, గరగర పోవాలని పై స్థాయి అంతా కోసేసిన కచేరీతో ట్వీటరును పరీక్షిస్తే లాభం లేదు. బ్లూటూత్ వద్దు. సీడీ గానీ, కుదించని ఫైలు గానీ వాడండి. స్ట్రీమింగ్ యాప్ అయితే శబ్దాన్ని సమానం చేసే సెట్టింగు చూసుకోండి, రెండు జతలకూ ఒకేలా ఉండాలి. పాట పేరు ఒకటే అయినా పాత సీడీ, కొత్త రీమాస్టర్ వేరు వేరు. చాలాసార్లు కొత్తదాన్ని గట్టిగా వినిపించడం కోసం పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడాను పిండేసి ఉంటారు.

ట్వీటరుకు నా ఓటు సుజాన్ వేగా ‘టామ్స్ డైనర్’. వాద్యాలు లేవు, గొంతు ఒక్కటే. ఎంపీ3 తయారుచేసినవారిలో ఒకరైన కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ శబ్దం చెడిపోతోందో లేదో తేల్చుకోవడానికి ఈ పాటనే వాడారు. దాచుకోవడానికి ఏమీ లేని పాట.

పాతరికార్డు · గురువారం, ఉదయం 7:45

అందరూ శుభ్రమైన రికార్డింగుల చుట్టూనే తిరుగుతున్నారు. మంద్రస్థాయి గారు వినేది పాత సినిమా పాటలు. వాటిలో సగం గరగరలాడేవే. మంచి రికార్డింగును అద్భుతంగా వినిపించి, నాకు ఇష్టమైన పాటను భరించలేకుండా చేసే స్పీకరు నాకెందుకు? జాబితాలో ఒక చెడ్డ రికార్డింగు తప్పకుండా ఉండాలి. మీరు ఎక్కువగా వినేదే పెట్టండి.

డెసిబెల్ · గురువారం, ఉదయం 8:20

ఇందులో మనిద్దరికీ పేచీ లేదు. ‘మంచి స్పీకరు చెడ్డ రికార్డింగును చెడ్డగానే వినిపించాలి’ అని గొప్పగా చెప్పుకుంటారు కానీ, చాలాసార్లు అక్కడ దోషం స్పీకరులోనే ఉంటుంది. గరగర ఎక్కువగా ఉండే పై స్థాయిలో స్పీకరుకు గుట్ట ఉంటే, అంటే అక్కడ మాత్రం ఎక్కువ మోగితే, గరగర పాట ముందుకు వచ్చి నిలుచుంటుంది. గుట్టలు లేని స్పీకరు మీద గరగర వెనక ఉంటుంది, పాట ముందు ఉంటుంది.

మంద్రస్థాయి గారూ, చివరగా ఒక్కటి. ఏది మోగుతోందో మీకు తెలియకుండా వినండి. ఇంట్లో ఎవరినైనా వైర్లు మార్చమని, అడ్డంగా పల్చటి చీర కట్టండి. టూల్, ఆలివ్ 1994లో ప్రచురించిన పత్రంలో ఇదే ఉంది: కంటికి కనిపించినప్పుడు ఇచ్చిన మార్కులు, కనబడనప్పుడు ఇచ్చిన మార్కులు వేరు. వినడంలో అనుభవం ఉన్నవాళ్లకు కూడా.

చిక్కడపల్లి_శ్రోత · గురువారం, ఉదయం 9:02

కుదిరితే ఒక్క స్పీకరు మీదే మోనోలో కూడా వినండి. రెండు కలిసి మోగితే స్టీరియో హంగు చాలా లోపాలను కప్పేస్తుంది.

మంద్రస్థాయి · శనివారం, రాత్రి 10:20

చీర కట్టాం. వైర్లు మార్చింది మా అమ్మాయి, నాకు చెప్పకుండా ఒకటి, రెండు అని మాత్రం పిలిచింది.

స్పీకర్లు ముందుకు లాగాక పెద్ద జత తొప్పి చాలావరకు సర్దుకుంది. ఇళయరాజా బేస్ వరుసలో ఇప్పుడు ఒక్క స్వరమే ఎగురుతోంది. అంతసేపూ పెద్దదే ఉంచుకుందామని ఉంది నాకు. సహస్రనామంతో కథ మారింది. ‘రెండు’ మీద శశివర్ణం గుచ్చుకుంది, శ, ష తేడా పోయింది. ‘ఒకటి’ మీద తేడా చక్కగా తెలిసింది. ‘టామ్స్ డైనర్’లోనూ అదే మాట. చిట్టిబాబు వీణ ‘రెండు’ మీద మీటు బాగుంది, ఆ తరవాతి ఊగు ‘ఒకటి’ మీద బాగుంది. పాతరికార్డు గారు చెప్పినట్టు బాగా గరగరలాడే ఘంటసాల పాట కూడా పెట్టాను. ‘ఒకటి’ మీద పూర్తిగా విన్నాను, ‘రెండు’ మీద సగంలో ఆపమన్నాను. చీర తీసి చూస్తే ‘ఒకటి’ అంటే చిన్న జత.

‘ఫాస్ట్ కార్’ రెండింటి మీదా నచ్చింది, డెసిబెల్ గారు క్షమించాలి.

పెద్ద జత రేపు తిరిగి ఇచ్చేస్తున్నాను. బేస్ కావాలనిపిస్తే డాలస్ గారి సబ్‌వూఫర్ మార్గం ఎలాగూ ఉంది.

పాతరికార్డు · ఆదివారం, ఉదయం 7:30

సంతోషం. ఘంటసాల గారు నడుమనే ఉన్నారా?

మంద్రస్థాయి · ఆదివారం, ఉదయం 8:05

ఉన్నారు. అల్మరా వైపు ఓ బెత్తెడు జరిగి ఉన్నారు.

డెసిబెల్ · ఆదివారం, ఉదయం 8:11

అల్మరా చెక్క నుంచి వచ్చే ప్రతిఫలనం అది. ఎడమ స్పీకరును గోడ నుంచి ఇంకో అరడుగు లోపలికి జరిపి, కాస్త మీ వైపు తిప్పండి. అదే పాట మళ్లీ పెట్టి, ఇంకా కదలకపోతే మీ కుర్చీ నుంచి రెండు స్పీకర్లకూ దూరం టేపుతో కొలిచి ఇక్కడ రాయండి.